నా యాభై ఇళ్ళు

కాలవగట్టు మామ్మ వేలిముద్ర ఎప్పుడూ ఒక్కసారికి పడేది కాదు. జన్మంతా నాట్లు వేసిన చేతులు, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. బొటనవేలు పెట్టిస్తే మిషన్ ఎర్రగా మెరిసి ఊరుకునేది. తర్వాత చూపుడువేలు, మధ్యవేలు, ఆ తర్వాత ఎడమచెయ్యి. కొంగుతో వేళ్ళు తుడుచుకుని "ఈసారి పడుద్దిలే అమ్మాయ్" అని తనే నాకు ధైర్యం చెప్పేది. ఒకటో తారీకు, పొద్దున ఐదున్నర, వీధిలైట్లు ఇంకా ఆర్పలేదు. ముద్ర పడగానే నేను నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడితే, ఆమె మళ్ళీ లెక్కపెట్టకుండా కళ్ళకద్దుకునేది. ఎవరో దేవుడికి దణ్ణం పెడుతూ మధ్యలో నన్ను నిలబెట్టినట్టు ఉండేది నాకు.

2019 ఆగస్టు నుంచి 2024 ఎన్నికల దాకా నేను గ్రామ వాలంటీరుని. బాపట్ల దగ్గర డెల్టా ఊరు మాది. అప్పటికి నాకు 22 ఏళ్ళు, బీయస్సీ అయి ఏడాది దాటింది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నెలకు 5,000 గౌరవ వేతనం, యాభై ఇళ్ళు. మా బాబాయ్ అప్పటి అధికార పార్టీలో తిరిగే మనిషి. దరఖాస్తు ఆయనే పెట్టించాడు. మండలాఫీసులో ఇంటర్వ్యూ అన్నారు, నవరత్నాలంటే (ఆ పార్టీ ఇచ్చిన తొమ్మిది హామీలు) ఏమిటో చెప్పమన్నారు, చెప్పాను. నా కంటే ఎక్కువ మార్కులొచ్చిన అమ్మాయి మా వెనక బజారులోనే ఉంది. ఆ పిల్ల వాళ్ళ నాన్న అవతలి పార్టీ. తను దరఖాస్తే పెట్టలేదు. పెట్టినా రాదని ఊరందరికీ తెలుసు, తనకీ తెలుసు. తొలి అన్యాయం అలా ఎవరూ ఏమీ చెయ్యకుండానే జరిగిపోయింది.

అయినా నేను బాగా పనిచేశాను. ఇది సొంత డబ్బా అనుకున్నా పర్లేదు. మా తాతయ్య పింఛను కోసం 2016లో పంచాయతీ ఆఫీసు మెట్ల మీద ఎన్ని పూటలు కూర్చున్నాడో నేను చూశాను. అప్పట్లో జన్మభూమి కమిటీలుండేవి. కమిటీలో ఉన్నవాళ్ళు తలూపితేనే పేరు ముందుకు కదిలేది. మా ఇంటి మీద ఏ జెండా ఎగురుతుందో వాళ్ళకు తెలుసు కాబట్టి వాళ్ళ తల కొంచెం నెమ్మదిగా ఊగేది. కాబట్టి 2020 ఫిబ్రవరి ఒకటిన మొదటిసారి ఇళ్ళకే వెళ్ళి పింఛను ఇచ్చిన రోజు నాకు పండగలా ఉంది. మంచంలో ఉన్న మనిషికి మంచం దగ్గరే ఇచ్చాను. మధ్యవర్తి లేడు, పావలా కోత లేదు. ఆ పని విలువ తెలియనివాళ్ళు పట్నంలో కూర్చుని వాలంటీర్లంటే పార్టీ సైన్యం అని తేల్చేస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 2023 జూలైలో ఏలూరు సభలో పవన్ కల్యాణ్, వాలంటీర్లు సేకరించే వివరాలను అమ్మాయిల అపహరణతో ముడిపెట్టి మాట్లాడినప్పుడు మా అమ్మ రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. మరుసటి నెల ఒకటో తారీకున నేను గడప తొక్కుతుంటే ఇద్దరు ముగ్గురు కొత్తగా నావైపు చూశారు.

కోపం ఒక పక్క. వాళ్ళ మాటలో నిజం ఎంత అనేది ఇంకో పక్క. ఈ రెండోదాని గురించి నేను ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

యాభై ఇళ్ళంటే ఏమిటో చెబుతాను. ఎవరి కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో నాకు తెలుసు. ఎవరి కొడుకు ఇన్‌కంటాక్స్ కడుతున్నాడో, ఎవరికి హైదరాబాదులో కారుందో, ఎవరు విడిగా వండుకుంటూ ఒకే కార్డులో ఉన్నారో తెలుసు. ప్రభుత్వం పెట్టిన ఆరంచెల పరిశీలన మొత్తం ఇదే: పల్లెల్లో నెలకు పదివేల లోపు ఆదాయం, మాగాణి మూడెకరాల లోపు లేదా మెట్ట పదెకరాల లోపు, నెలకు సగటున 300 యూనిట్లు దాటని కరెంటు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు, సర్కారు ఉద్యోగి ఉండకూడదు, ఇలా. కాగితం మీద చూస్తే ఇంతకన్నా న్యాయం ఏముంది? ఏ పార్టీ అని అడగదు, ఏ కులం అని అడగదు, కంప్యూటర్ చూసి చెబుతుంది. మా అందరికీ అదే గొప్ప. "సిస్టమ్ రిజెక్ట్ చేసింది పిన్నీ, నా చేతిలో ఏముంది" అనేవాళ్ళం. చాలాసార్లు అది నిజమే.

2022 సంగతి చెప్పాలి. పింఛన్లకు ఒక నిబంధన ఉండేది, ఒక బియ్యం కార్డుకు ఒకే పింఛను. వికలాంగులకూ, కొన్ని జబ్బులకూ మినహాయింపు. అత్తగారికి వృద్ధాప్య పింఛను వస్తుంటే, అదే కార్డులో ఉన్న విధవ కోడలికి రాదు. దారి ఏమిటంటే కార్డు విడగొట్టుకోవడం. ఆ ఆప్షన్ ఎప్పుడూ ఉండేది కాదు. కొన్నాళ్ళు తెరిచేవారు, కొన్నాళ్ళు మూసేవారు. కొత్త పింఛన్లు కూడా ఏడాదికి రెండు విడతలే. ఆ ఏడాది ఎండాకాలంలో తెరిచారని గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ చెప్పగానే నాకు నా యాభైలో రెండిళ్ళు గుర్తొచ్చాయి. రెండిళ్ళలోనూ ఒకటే కథ. భర్త పోయిన కోడలు, ఇద్దరేసి పిల్లలు, అత్తమామలతో ఒకే కార్డు. ఒకిల్లు మా బాబాయ్ వెంట తిరిగేవాళ్ళది. రెండోది వెనక బజారు.

మొదటి ఇంటికి ఆ సాయంత్రమే వెళ్ళాను. దోవలోనే ఉంది, ఎలాగూ వాళ్ళింట్లో టీ తాగుతాను. కాగితాలు ఏమేం కావాలో రాసిచ్చాను. రెండో ఇంటికి వెళ్దామనుకున్నాను. మరుసటి రోజు సర్వే ఏదో పడింది. ఆ తర్వాత జ్వరం. ఆ తర్వాత, ఎందుకు దాచాలి, మా బాబాయ్ "అన్నిటికీ నువ్వెందుకే ఎగబడతావు, అడిగినవాళ్ళకి చెయ్యి" అన్నాడు. మొత్తానికి మూడు వారాలకు వెళ్ళి చెప్పాను. అప్పటికి ఆప్షన్ మూసేశారు.

నేను ఆమెకు అబద్ధం చెప్పలేదు. డబ్బడగలేదు. దరఖాస్తు చింపలేదు. ఏ తనిఖీ వచ్చినా నా మీద ఒక్క రిమార్కు పడదు. చెప్పాను కూడా, ఆలస్యంగా. ఆమెకు రెండు విడతలు తప్పిపోయాయి. 2022 జూలై నుంచి డిసెంబరు దాకా నెలకు 2,500, ఆ తర్వాత జూన్ దాకా 2,750. మొత్తం 31,500 రూపాయలు. ఈ లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను కాబట్టి నోటికొచ్చు. నాకు ఏడాదికి వచ్చే గౌరవ వేతనంలో సగం కన్నా ఎక్కువ.

అందుకే "వాలంటీర్లు అవతలి పార్టీవాళ్ళ పింఛన్లు పీకేశారు" అనే ఆరోపణ వింటే నాకు నవ్వొస్తుంది. పీకెయ్యడం అంటే గొడవ, కోర్టు, టీవీ. అంత శ్రమ ఎవరు పడతారు? ఎవరికి ముందు చెప్పామన్నదే మా చేతిలో ఉన్న అధికారమంతా. దానికి జీవో లేదు, రికార్డు లేదు.

తాతయ్యకు ఈ విషయం చెబితే ఆశ్చర్యపోలేదు. ఆయన కౌలు రైతు. పాతికేళ్ళు ఒకే పొలం చేసినా, కరణం రాసే అడంగల్లో ఆయన పేరు ఒక్క ఏడు కూడా ఎక్కలేదు. ఆ కాగితంలో పేరుంటే కౌలుదారుకు ఏదో హక్కు వస్తుందన్న సంగతి తాతయ్యకు ఎవరూ చెప్పలేదు, పొలంగల ఆసామికి మాత్రం కరణమే ముందుగా చెప్పాడు. ఊళ్ళో ప్రతి సెంటు లెక్కా ఆ కరణం నాలుక మీద ఉండేదట. కలెక్టరు వచ్చినా ఆయన్నే అడగాలి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో ఆ పదవులన్నిటినీ తీసేసింది. కరణాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా మరుసటి ఏడు ఆ రద్దునే కోర్టు నిలబెట్టింది. రద్దయిన కొత్తలో రికార్డులు దొరక్క, ఏ సర్వే నంబరు ఎక్కడుందో తెలియక నానా తిప్పలూ పడ్డారని కూడా తాతయ్యే చెప్పాడు. న్యాయం జరిగింది, పని ఆగింది. చెప్పి చెప్పి చివర్లో నావైపు చూసి, "నువ్వూ అట్టాగే తయారయ్యావేందే" అన్నాడు. తిట్టలేదు. ఆయన పింఛను కూడా నేనే ఇచ్చేదాన్ని మరి.

మా సర్పంచ్ గారు (ఆయనా మా పార్టీ బలపరిచినాయనే) సచివాలయానికి వస్తే కుర్చీ కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. రాజ్యాంగం 73వ సవరణతో 29 అంశాలు పంచాయతీలకు ఇవ్వచ్చని రాసుకుంది. మా ఊళ్ళో ఆ 29లో ఒక్కటైనా ఆయన చేతిలో ఉన్నట్టు నేను చూడలేదు. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద మళ్ళించేశారని సర్పంచులు రోడ్డెక్కిన రోజులవి. ఇక మాకు సన్మానాలు జరిగేవి, సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అని. నాకూ ఒకసారి శాలువా కప్పి 10,000 ఇచ్చారు. పత్రిక కొనుక్కోమని నెలకు 200 కూడా ఇచ్చారు. ఏ పత్రిక కొనాలో ఉత్తర్వులో పేరు రాయలేదు. మా ఇంటికి ఏ పత్రిక వచ్చేదో మాత్రం మీకు చెప్పక్కర్లేదు. ఆ 200 గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది.

ఇక 2024. మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లతో పింఛన్లు పంచకూడదంది. ఫోన్లు, ట్యాబులు తీసేసుకున్నారు. ఆ ఆదేశం చదవగానే నాకు మొదట తోచిన మాట, "కరెక్టే". నాలుగేళ్ళు ప్రతి ఒకటో తారీకున చేతిలో నోట్లు పెడుతూ ఫలానా అన్న పంపించాడని చెప్పిన నోరు నాది. ఎన్నికల నెలలో అదే నోరు అదే గడపలో అదే డబ్బుతో నిలబడితే ఓటరు మనసులో ఏం జరుగుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఏప్రిల్ మూడున కాలవగట్టు మామ్మ సచివాలయానికి నడిచొచ్చింది. మంచం పట్టినవాళ్ళకి, వికలాంగులకి ఇళ్ళ దగ్గర ఇస్తామన్నారు, మామ్మ ఏ జాబితాలోనూ లేదు. నడవగలదు కదా. కిలోమీటరు పైన. నెత్తిన తడిగుడ్డ. డబ్బు ఇంకా బ్యాంకు నుంచి రాలేదన్నారు, సాయంత్రం రమ్మన్నారు. ఆ వారమంతా ఎండకు సొమ్మసిల్లిన ముసలివాళ్ళ వార్తలు, చనిపోయారన్న వార్తలు వచ్చాయి. ఎన్నికల సంఘానికి మీరు చేయించిన ఫిర్యాదు వల్లే ఇదంతా అని అధికార పార్టీవాళ్ళు, సిబ్బంది ఉన్నా కావాలనే ఇళ్ళకు పంపలేదని ప్రతిపక్షంవాళ్ళు. మే నెలలో బ్యాంకు ఖాతాల్లో వేశారు. మామ్మ ఖాతా ఎప్పుడో చచ్చుబడి ఉంది. బ్యాంకు పది కిలోమీటర్లు.

నా ఇబ్బంది ఇదీ. ఆ ఆదేశం న్యాయమైనదని ఒప్పుకుంటూనే, ఎండలో వస్తున్న మామ్మను చూసి "ఛీ, ఇదేం న్యాయం" అనుకున్నాను. ఇవాళ్టికీ ఆ రెంటిలో ఏదీ వెనక్కి తీసుకోలేను. తీసుకోమని నా స్నేహితులు మాత్రం అడుగుతూనే ఉంటారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే ఒకడు "ఎవరిస్తే ఏంటి, అందిందా లేదా అదే లెక్క" అంటాడు. గ్రూప్స్‌కి చదివే ఇంకొకామె "వ్యవస్థే తప్పైనప్పుడు అది బాగా పనిచెయ్యడం ఇంకా ప్రమాదం" అంటుంది. మొదటివాడికి వెనక బజారు ఇల్లు కనపడదు. రెండోదానికి కాలవగట్టు కనపడదు.

ఆ ఏప్రిల్‌లోనే బాబాయ్ టైపు చేయించిన రాజీనామా కాగితం తెచ్చాడు. ప్రచారంలో తిరగాలంటే రాజీనామా చెయ్యాలి కదా. రాష్ట్రమంతా వేలమంది చేశారు. నేను సంతకం పెట్టలేదు. నన్నేదో నిజాయితీపరురాలిననుకోకండి. గెలిచేది ఎవరో తెలియడం లేదు, అవతలివాళ్ళు గెలిస్తే మా గౌరవ వేతనం 10,000 చేస్తామంటున్నారు, ఇవతలివాళ్ళు గెలిస్తే బాబాయ్ ఉన్నాడు. రెండు పడవల మీదా కాలేశాను. రెండూ మునిగాయి.

ఫలితాల రోజు మా ఇంట్లో టీవీ కట్టేశారు. 175లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 164, మా వైసీపీకి 11. బాబాయ్ కొన్నాళ్ళకి ఒక అంకె పట్టుకున్నాడు. "39 శాతం మంది మాకేశారు, 11 సీట్లేనా, ఇదేం లెక్క?" నిజమే, 39.37 శాతం. నేను ఊరుకోలేక 2019 లెక్క తీసి చూపించాను. అప్పుడు తెలుగుదేశానికి 39.17 శాతం, 23 సీట్లు. ఆ రోజు వెనక బజారు పెదనాన్న ఇదే అరుగు మీద ఇదే మాట అంటే నవ్వింది బాబాయే. ఇప్పుడు పెదనాన్న నవ్వుతున్నాడు. ఓటుకు తగ్గ సీట్లు కావాలన్న కోరిక మన దగ్గర ఓడినవాళ్ళకే వస్తుంది, గెలవగానే పోతుంది.

ఇలాంటి మెజారిటీలు ఉంటే పనులు చకచకా అవుతాయని పుస్తకాల్లో చదివాను. 2019లో వైసీపీకి 151 ఉన్నాయి కాబట్టే రెండు నెలల్లో రెండున్నర లక్షల మంది వాలంటీర్లు పుట్టారు. 164 ఉన్నాయి కాబట్టే మేమంతా ఉన్నామో లేమో తేల్చకుండానే మాయమయ్యాం. 2023 ఆగస్టు తర్వాత మమ్మల్ని కొనసాగిస్తూ అసలు ఉత్తర్వే లేదని కొత్త ప్రభుత్వం చెప్పింది. అంటే చివరి నెలల్లో నేను చట్టం దృష్టిలో లేని మనిషిని, ఉన్న డబ్బు పంచాను. పాతవాళ్ళు ఆ కాగితం ఎందుకు పొడిగించలేదు, కొత్తవాళ్ళు ఇస్తామన్న 10,000 ఏమైంది, రెండింటికీ జవాబు చెప్పాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. చకచకా అన్నమాట కూడా ఎంతవరకు నిజమో. ఒకే రాజధానికి 2015లో ఒకసారి, పనులు ఆగి మళ్ళీ 2025లో ఇంకోసారి ప్రధాని వచ్చి శంకుస్థాపన చెయ్యాల్సి వచ్చిన రాష్ట్రం మనది. ఐదేళ్ళు పూర్తి వేగంతో ఒకవైపు, ఐదేళ్ళు పూర్తి వేగంతో రెండోవైపు. మా ఊరి పొలాల్లో దుక్కి దున్నే ట్రాక్టరు కూడా అలాగే తిరుగుతుంది, కాని దానికి కనీసం చాలు పడుతుంది.

నన్ను నిజంగా కుదిపింది మాత్రం 2024 జూలై ఒకటి. పింఛను నాలుగు వేలైంది, మూడు నెలల బకాయితో ఏడువేలు. ముఖ్యమంత్రి పెనుమాకలో స్వయంగా ఇచ్చారు, ఊరూరా నాయకులు ఫొటోలు దిగారు (పేరు మారింది, ఫొటో మారలేదు). మా ఊళ్ళో సచివాలయం ఉద్యోగులు తలా కొన్ని ఇళ్ళు పంచుకుని సాయంత్రానికల్లా దాదాపు అందరికీ ఇచ్చేశారు. నేను మా అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. మామ్మకు ఇస్తున్నది అగ్రికల్చర్ అసిస్టెంటు. మిషను, అరిగిన వేలు, "పడుద్దిలే బాబూ". పడింది. నేను లేకపోతే ఆగిపోతుందనుకున్న పని అది. ఆ నెలా ఆగలేదు, తర్వాతా ఆగలేదు. ఐదేళ్ళ నా గర్వంలో సగం ఆ సాయంత్రమే కరిగిపోయింది.

మిగిలిన సగం మాత్రం అలాగే ఉంది. నోట్లు ఇవ్వడం ఎవరైనా చేస్తారు. కార్డు ఎప్పుడు విడగొట్టుకోవాలి, మీటరు ఎవరి ఆధార్‌కు తగులుకుంది, ఏ కాగితం లేక ఏ పథకం ఆగింది, ఇవి చెప్పే మనిషి ఇప్పుడు లేరు. 2025 జనవరిలో వాట్సాప్‌లో మన మిత్ర వచ్చింది, నూటయాభైకి పైగా సేవలతో మొదలైంది. మంచి పని, నేనూ వాడుతున్నాను. దానికి బాబాయ్ లేడు, టీ తాగదు, వెనక బజారుకు వెళ్ళడానికి మొహమాటపడదు. కాని అది అడిగినదానికే జవాబిస్తుంది. ఏం అడగాలో తెలియనివాళ్ళ గడప దాకా అది రాదు. మా బాబాయ్ చెప్పిన సూత్రమే అది కూడా, "అడిగినవాళ్ళకి చెయ్యి".

ఇంత తిట్టుకున్నాక ఏం కావాలంటావ్ అని అడిగితే నా దగ్గర పెద్ద ప్రణాళికేమీ లేదు. ఎంపికైనవాళ్ళ జాబితాలు మా హయాంలో కూడా సచివాలయం గోడకు అంటించేవాళ్ళం. కాని గోడ మీద ఉన్నది ఫలితం. దారి ఉండదు. ఆప్షన్ తెరిచిన రోజే మైకు పెట్టి గ్రామసభలో చదవాలి. చదివే మనిషి ఊరికి జవాబుదారీగా ఉండాలి. సర్పంచ్‌కీ పార్టీ ఉందిగా, ఆయన మాత్రం తనవాళ్ళకే చెప్పడా అంటారు. చెబుతాడు. అయినా ఒక తేడా ఉంది. వెనక బజారు కోపమొస్తే సర్పంచ్ ఓడిపోతాడు. నేను ఓడిపోవడానికి అసలు పోటీలోనే లేను. నాకు శాలువా కప్పేది మండలం, తీసేసేది రాజధాని. నేను ఎవరికి అన్యాయం చేశానో వాళ్ళ చేతిలో నా మీద ఏమీ లేదు. ఎవరూ నన్ను బెదిరించకపోయినా, డబ్బివ్వకపోయినా ఆ మూడు వారాలు అంత సులువుగా ఎందుకు గడిచిపోయాయో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

నేనిప్పుడు గుంటూరులో ఒక ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తున్నాను. 2025 జూన్‌లో ఊరెళ్ళినప్పుడు వెనక బజారు పిన్ని మా ఇంటికొచ్చింది. ఐదేళ్ళలో ఆమె మా గడప తొక్కడం అదే మొదటిసారి. బడికెళ్ళే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బు పడలేదట. కరెంటు 300 యూనిట్లు దాటిందని చూపిస్తోందట. "రెండు లైట్లు, ఒక ఫ్యాను అమ్మాయ్, 300 ఎక్కడివి?" అంది. ఆమె ఆధార్‌కు ఇంకెవరిదో మీటరు కలిసి ఉంటుందని నాకు వెంటనే తెలిసిపోయింది. పాత రోగం అది, ప్రభుత్వం మారినా పోలేదు. కరెంటాఫీసులో ఏం అడగాలి, ఏ కాగితం తెచ్చి సచివాలయంలో ఎవరికివ్వాలి, అర్జీ నంబరు ఎందుకు రాసి పెట్టుకోవాలి, ఒక్కొక్కటీ చెప్పాను.

అంతా విని కాసేపు ఊరుకుంది. "అప్పుడు కార్డు సంగతి గూడా నీకు ముందే తెలుసా?"

"తెలుసు పిన్నీ."

ఏమీ అనలేదు. లేచి చెప్పులు తొడుక్కుని గేటు దాకా వెళ్ళింది. రోడ్డవతల మా బాబాయ్ కోడలు అంట్లు తోముతోంది, ఆమెకూ డబ్బు పడలేదని నాకు అప్పటికి తెలియదు. పిన్ని అక్కణ్ణుంచే గట్టిగా కేకేసింది.

"ఇట్టా రా, నీ మీటరు గూడా ఇదే అయ్యుండుద్ది. అమ్మాయ్, మొదట్నుంచి చెప్పు."